అన్ని మృగములకు ఒక్క తుపాకి – తూటా కొలతల చరిత్ర

హైదరాబాదు నగరమునుండి పడమటి దిక్కుగా పోవువారికి మొయినాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి ప్రాంతములలో విశాలమైన మైదానము కనబడును. మోకిల గ్రామము ఈ ప్రాంతములోనిదే. నేడు ఇచ్చట క్రొత్త మేడలు లేచుచున్నవి. దక్కను పీఠభూమి యందలి ఇట్టి బయళ్ళే ఒకప్పుడు కృష్ణజింకలకు పుట్టినిండ్లు. ఇంకను పడమటగా సాగినచో వికారాబాదు సమీపమున అనంతగిరి కొండల అడవి వచ్చును. దక్షిణమున కృష్ణానది పొడవున నల్లమల, ఈశాన్యమున గోదావరి పొడవున దట్టమైన అడవులు కలవు.

1900 ప్రాంతమున హైదరాబాదులో నివసించు ఒక వేటగానిని ఊహించుకొనుడు. బయలు నేలమీద అతని కెదురగు కృష్ణజింక 35, 40 కిలోగ్రాముల బరువు గలది. అది మనిషిని చూడగనే బెదరునది. 200 మీటర్ల దూరముననుండియే దానిపై గురిపెట్టవలెను. నల్లమలలో పులి బరువు 200 కిలోగ్రాములు. అది పొదలనుండి 20 మీటర్ల దూరమున హఠాత్తుగా కనబడవచ్చును. గోదావరి అడవులలోని అడవిదున్న 800 కిలోగ్రాములు దాటవచ్చును. ఈ మూడింటికిని ఒకే తుపాకి చాలునా? చాలినచో దాని గొట్టము కొలత ఎంత యుండవలెను? ఈ ప్రశ్న నూరు సంవత్సరములకు పైగా వేటగాండ్రను, తుపాకులు చేయువారిని వేధించినది. దీని సమాధాన చరిత్రలో భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, రాజ్యశాసనము మూడును కలిసియున్నవి.

పౌనుకు ఎన్ని గుండ్లు?

పూర్వపు తుపాకుల గొట్టములు లోపల నున్నగా ఉండెడివి. మందును, సీసపు గుండును మూతినుండి కూరెడివారు. గొట్టము కొలతను అంగుళములలో గాక, గుండ్ల లెక్కలో చెప్పెడివారు. ఒక పౌను సీసమును 12 సమభాగములు చేసి, ఒక్కొక్క భాగమును గుండుగా పోసినచో, ఆ గుండు సరిగా పట్టు గొట్టము 12 బోరు. కనుక బోరు సంఖ్య పెరిగిన కొలది గొట్టము చిన్నదగును. పౌను 453.6 గ్రాములు, దానిలో పండ్రెండవ వంతు 37.8 గ్రాములు. సీసము సాంద్రత 11.34 గనుక గుండు ఘనపరిమాణము 3.33 ఘన సెంటీమీటర్లు. దీనినుండి వ్యాసము 18.5 మిల్లీమీటర్లని విద్యార్థులు సులభముగా లెక్కకట్టవచ్చును. 4 బోరు గుండు బరువు 113 గ్రాములు, వ్యాసము దాదాపు 27 మిల్లీమీటర్లు.

ఇంత పెద్ద గుండు ఎందుకు వలసి వచ్చెను? గంధకము, సురేకారము, బొగ్గు కలిపిన నల్లమందు గుండునకు ఒక మేరకు మించి వేగము నీయలేదు. వేగము పెంచుటకు వీలు లేనప్పుడు బరువు పెంచుటయే మార్గము. సర్ శామ్యూల్ బేకర్ అను ప్రసిద్ధ వేటగాడు ఆఫ్రికాలో అరపౌను గుండు వేయు తుపాకిని కూడ వాడెను. అట్టిది ఏనుగునకు చాలును గాని, జింకను వేటాడబోవువాడు దానిని మోయుటయే కష్టము.

నున్నని గొట్టమునకు మరియొక లోపము కలదు. కొంత దూరము పోయిన పిదప గుండు దారి తప్పును. గొట్టము లోపల మెలితిరిగిన గాడులు తొలిచినచో, గుండు తన చుట్టు తాను తిరుగుచు వెడలును. తిరుగుచున్న బొంగరము పడిపోక నిలుచునట్లే, తిరుగుచున్న గుండు తన దిశను నిలుపుకొనును. ఇట్టి గాడులు గల తుపాకియే రైఫిల్. 1885లో ఫాస్‌బరీ అను సైనికాధికారి ఒక చమత్కారమైన తుపాకికి పేటెంటు పొందెను. దాని గొట్టము చాలవరకు నున్నగా ఉండి, మూతివద్ద కొన్ని అంగుళములు మాత్రము గాడులు కలిగియుండెను. దానిలో పిట్టలకు వేయు రవ్వలను, పులికి వేయు గుండును కూడ వాడవచ్చును. 'పారడాక్స్' అను పేర వెలసిన ఈ తుపాకికి భారతదేశమున మంచి గిరాకి ఏర్పడెను. ఒక్క తుపాకితో అన్ని పనులు నెరవేర్చవలెనను కోరికకు అది తొలి సమాధానములలో ఒకటి. కాని దూరపు జింకకు అది పనికిరాదు.

పొగలేని మందు

1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వీయే పొగలేని తుపాకిమందును కనుగొనెను. 1889లో ఇంగ్లండున ఏబెల్, డ్యూయర్ అను శాస్త్రవేత్తలు కార్డైటును తయారుచేసిరి. ఇవి నల్లమందుకంటె ఎంతో బలమైనవి. గుండు వేగము సెకనునకు 600 మీటర్లకు, కొలదికాలములోనే 800 మీటర్లకు చేరినది.

వేగము రెట్టింపగుటలోని విశేషమును ఒక లెక్క తెలుపును. గతిశక్తి ద్రవ్యరాశిని బట్టియు, వేగము యొక్క వర్గమును బట్టియు పెరుగును. 12 బోరు గుండు 38 గ్రాములది సెకనునకు 400 మీటర్ల వేగముతో వెడలినచో దాని గతిశక్తి 3,040 జౌళ్ళు. 7 మిల్లీమీటర్ల రైఫిల్ గుండు 9 గ్రాములు మాత్రమే. వేగము 800 మీటర్లు. గతిశక్తి 2,880 జౌళ్ళు. బరువు దాదాపు నాలుగవ వంతునకు తగ్గినను, వేగము రెట్టింపగుటచే శక్తి ఇంచుమించు సమానముగా నిలిచినది.

గురిలో లాభము ఇంకను ఎక్కువ. గాలి నిరోధమును విడిచిపెట్టి చూచినచో, 200 మీటర్లు పోవుటకు మొదటి గుండునకు అర సెకను, రెండవదానికి పావు సెకను పట్టును. ఆ వ్యవధిలో భూమ్యాకర్షణచే మొదటిది 120 సెంటీమీటర్లకు పైగా, రెండవది 31 సెంటీమీటర్లు మాత్రమే క్రిందికి దిగును. మైదానమున జింక దూరమును అంచనా వేయుటలో వేటగాడు కొంచెము పొరబడినను, వేగము గల గుండు ఆ పొరబాటును చాలవరకు సరిదిద్దును.

అట్లయిన చిన్న గుండే అన్నిటికిని మేలా? కాదు. మృగమును పడగొట్టునది శక్తి యొక్కటే కాదు. గుండు లోనికి ఎంత దూరము చొచ్చునో, అచ్చట ఎంత వెడల్పున గాయము చేయునో కూడ చూడవలెను. పొడవైన సన్నని గుండు లోతుగా చొచ్చును. కాని గట్టి లోహపు తొడుగు చెడకున్నచో సన్నని రంధ్రము చేసి ఆవలికి పోవచ్చును. 1890 దశకమున కలకత్తా సమీపమునందలి డమ్ డమ్ ఆయుధ కర్మాగారమున ముందు కొన తెరచిన గుండ్లను తయారుచేసిరి. తగిలినంతనే అవి పువ్వువలె విచ్చుకొనును. 1899 నాటి హేగ్ ప్రకటన యుద్ధములందు వీని వాడకమును నిషేధించెను. వేటలో మాత్రము మెత్తని కొన గల గుండ్లు నిలిచిపోయినవి. జింకకు విచ్చుకొను గుండు, అడవిదున్నకు విచ్చుకొనని గట్టి గుండు అను భేదము ఏర్పడెను.

శాసనము నిర్ణయించిన కొలతలు

1898లో జాన్ రిగ్బీ 0.450 అంగుళముల కొలతతో కార్డైటు రైఫిలును వెలువరించెను. 31 గ్రాముల గుండు సెకనునకు 655 మీటర్ల వేగముతో పోవును. గతిశక్తి 6,600 జౌళ్ళకు పైమాట. పెద్ద మృగముల వేటకు ఇదియే ఇక చాలునని యనుకొనునంతలో, 1907 ప్రాంతమున బ్రిటిష్ ప్రభుత్వము భారతదేశములోనికి ఈ కొలత తూటాల దిగుమతిని నిషేధించెను. అంతకుముందు సైన్యము వాడిన మార్టినీ-హెన్రీ తుపాకులు కూడ ఇదే కొలతవి. వేటగాండ్ర తూటాలు తిరుగుబాటుదారుల చేతులలో పడునని దొరల భయము.

తుపాకుల కంపెనీలు ఊరకుండలేదు. 0.465, 0.470 వంటి క్రొత్త కొలతలు వెంటనే వెలసినవి. మృగములలో ఏ మార్పును లేదు, భౌతిక సూత్రములలోను లేదు. ఒక శాసనము వలననే గొట్టము కొన్ని వెంట్రుకవాసుల మేర పెరిగినది. తరువాతి కాలమునను ఇట్టిదే జరిగినది. సైన్యము వాడు 0.303 కొలత పౌరులకు నిషిద్ధము గనుక, ఇచ్ఛాపూర్ కర్మాగారమువారు 0.315 కొలతతో పౌరుల రైఫిలును తయారుచేసిరి. లైసెన్సు గలవారియొద్ద ఈ కొలత కనబడుటకు కారణము ఇదియే.

1912లో హాలండ్ అండ్ హాలండ్ కంపెనీవారు 0.375 అంగుళముల తూటాను వెలువరించిరి. ఇది 9.5 మిల్లీమీటర్లు. తేలిక, నడిమి, బరువు అను మూడు విధముల గుండ్లు ఒకే రైఫిలులో వాడుకొనవచ్చును. 19.4 గ్రాముల బరువు గుండు సెకనునకు 760 మీటర్ల వేగముతో వెడలి 5,600 జౌళ్ళ శక్తి కలిగియుండును. తేలిక గుండు దూరపు జింకకు, బరువు గుండు అడవిదున్నకు. అన్ని మృగములకు ఒక్క తుపాకి యనిన వెంటనే ప్రపంచమంతట వేటగాండ్రు నేటికిని మొదట చెప్పు కొలత ఇదియే.

కాని దీనికిని వెల చెల్లింపవలెను. గుండు ముందుకు పోవునప్పుడు తుపాకి వెనుకకు తన్నును. గుండు ద్రవ్యవేగమును 4 కిలోగ్రాముల తుపాకి బరువుచే భాగించినచో, వెనుకకు తన్ను వేగము సెకనునకు 3.7 మీటర్లు. 7 మిల్లీమీటర్ల రైఫిలు బరువు అంతయే యనుకొన్నచో ఇది 1.8 మీటర్లే. భుజమునకు తగులు దెబ్బకు భయపడినవాడు మీట నొక్కుచు కన్ను మూయును, గురి తప్పును.

బోలారములో పుట్టిన వేటగాడు

హైదరాబాదు దగ్గర బోలారములో 1910లో జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ బెంగుళూరులో స్థిరపడి, దక్షిణదేశపు అడవులను గూర్చి ప్రసిద్ధమైన పుస్తకములు వ్రాసెను. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులి కథ వానిలో నొకటి. ఆయన ఎక్కువగా వాడినది 0.405 కొలత గల వించెస్టరు రైఫిలు. 1904లో వెలువడిన ఈ తూటాను అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు కొనిపోయెను. దీని గుండు మొద్దుకొన గలది గనుక దూరము పోయినకొలది గాలిలో వేగము త్వరగా కోల్పోవును. మోకిల వంటి బయలు నేలమీద 200 మీటర్ల జింకకు ఇది తగదు. అయినను ఆండర్సన్ మంచె మీద కూర్చుండి రాత్రివేళ కొలది మీటర్ల దూరమున కాల్చువాడు. ఆయన అడవికి, ఆయన పద్ధతికి అది సరిపోయినది.

జిమ్ కార్బెట్ మార్గము వేరు. దూరమునకు 7 మిల్లీమీటర్ల తేలిక రైఫిలు, దగ్గరి ప్రమాదమునకు పెద్ద జంట గొట్టముల రైఫిలు ఆయనకు ఉండెను. ఒక్క తుపాకి ప్రశ్నకు ఆయన సమాధానము రెండు తుపాకులు.

గాయపడిన మృగము

ఇంత చర్చయు ఎందుకనిన, తప్పిన గురికి ఫలితము వేటగానితో ముగియదు. 1907లో కుమావూనులోని చంపావత్ పులిని కార్బెట్ చంపెను. ఆయన వ్రాసిన లెక్క ప్రకారము ఆ ఆడపులి 436 మందిని చంపినది. దాని నోరు పరీక్షింపగా కుడిప్రక్క పైకోర, క్రిందికోర విరిగియున్నవి. క్రిందికోర ఎముకవరకు విరిగినది. అది పాత తుపాకి దెబ్బ. కోరలు పోయిన పులి తన సహజమైన ఆహారమును పట్టలేక మనుష్యులకు మరగినదని ఆయన నిర్ణయించెను. ఎవడో వేటగాడు ఒకనాడు సరిగా కాల్చక విడిచిన మృగమునకు వందల కుటుంబములు మూల్యము చెల్లించినవి. ఎంత పెద్ద బోరైనను కోరకు తగిలినచో వ్యర్థము. గుండెకు తగిలిన చిన్న గుండే సార్థకము.

గురి తప్పని తుపాకులును వేరొక నష్టము చేసినవి. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా ప్రాంతమున మూడు చీతాలు ఒక్క రాత్రి తుపాకికి బలియైనవి. 1952లో చీతా దేశమునుండి అంతరించినదని ప్రభుత్వము ప్రకటించెను. తిరిగి 2022లో ఆఫ్రికానుండి తెచ్చి కూనో అడవిలో విడువవలసి వచ్చెను. కృష్ణజింకకు మాత్రము అంతటి గతి పట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించెను. నిజాముల వేటభూమియైన హైదరాబాదు శివారు అడవి 1975లో మహావీర్ హరిణ వనస్థలి యైనది. మొయినాబాదు మండలములోని చిలుకూరు వద్ద మృగవని 1994లో జాతీయోద్యానమైనది.

తుపాకికి క్రొత్త పని

కాని కొలతల శాస్త్రము వ్యర్థము కాలేదు. 1950 దశకమున న్యూజిలాండునకు చెందిన కోలిన్ మర్డాక్ మత్తుమందు సూదిని దూరమునుండి విసరు తుపాకిని రూపొందించెను. ఊరిలోనికి వచ్చిన చిరుతను పట్టి అడవిలో విడుచుటకు అటవీశాఖవారు వాడునది ఇట్టిదే. ఇచ్చట లెక్క తలక్రిందులగును. శక్తి ఎక్కువైనచో సూది కండలోనికి దూసికొనిపోయి ఎముకను విరుచును. తక్కువైనచో చర్మము దాటదు. కనుక దూరమును బట్టి వాయుపీడనమును, మృగము బరువును బట్టి మందు మోతాదును నిర్ణయింపవలెను. జింక మోతాదు పులికి చాలదు. పులి మోతాదు జింకను చంపును. అన్ని మృగములకు ఒక్క తూటా లేదని నూరేండ్ల వేట చరిత్ర చెప్పిన పాఠమే ఇచ్చటను వర్తించును. అయితే ఈ తుపాకి సరిగా ప్రేలినప్పుడు పడిపోయిన మృగము కొంతసేపటికి లేచి నడచిపోవును.