చల్లారాక బిగించే నట్టు

కర్నూలు నుంచి నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే రోడ్డు ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి. పాత లెక్కలో అది 18. ఈ దారిన తిరిగిన పాత మోటారు సైకిళ్లలో రెండింటికి పుట్టిళ్లు దక్షిణాదిలోనే ఉన్నాయి. బుల్లెట్‌ది మద్రాసు, జావాది మైసూరు. రెండు ఊళ్ల కొలతలూ వేరు. ఆ తేడా తెలియాలంటే ఇంజన్ నెత్తిన ఉండే హెడ్డు నట్లకు పానా వేసి చూడాలి.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది. రెండేళ్లకు, 1955లో, మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పారు. రాజధాని మద్రాసును వదిలింది గానీ, బుల్లెట్ మాత్రం మద్రాసు పక్కనున్న తిరువొత్తియూరు నుంచే రావాల్సి వచ్చింది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. పోత ఇనుప బ్యారెల్ మీద అల్యూమినియం హెడ్డు. దాని నట్లూ స్టడ్లూ ఇంగ్లిషు అంగుళాల సంప్రదాయానివి. ఆ సంప్రదాయానికి 1841లో జోసెఫ్ విట్‌వర్త్ దారి వేశాడు.

మైసూరులో ఐడియల్ జావా 1961లో బళ్లు తయారు చేయడం మొదలుపెట్టింది. నమూనా చెకొస్లొవేకియాది కాబట్టి అంతా మిల్లీమీటర్లే. రెండు బళ్లూ వచ్చే షెడ్డులో రెండు రకాల పానాలూ ఉండాల్సిందే. పైగా పేర్ల తికమక ఒకటి. విట్‌వర్త్ పానా మీద రాసి ఉండేది బోల్టు కాడ మందం. మిల్లీమీటర్ల పానా మీద రాసి ఉండేది పానా నోటి వెడల్పు. అందుకే పావు అంగుళం విట్‌వర్త్ పానా నోరు పావు అంగుళం కంటే చాలా పెద్దది. సరిపోని పానా వేస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి.

పానా సరిపోయినా, హెడ్డు దించి బ్యారెల్‌కూ దానికీ మధ్య కొత్త ప్యాకింగ్ (గాస్కెట్) వేసి ఒకసారి బిగిస్తే పని అయిపోదు. బండి కొంతదూరం తిరిగాక మళ్లీ బిగించాలి. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఆ సాగుడుకి ప్యాకింగ్ నలుగుతుంది, చల్లారాక ఆ మేరకు స్టడ్ల బిగువు తగ్గుతుంది. అలాగే వదిలేస్తే హెడ్డుకూ బ్యారెల్‌కూ మధ్య నుంచి ‘ఫుస్’మని గాలి తన్నుతుంది, నూనె చెమ్మ కనిపిస్తుంది, కిక్కు కొడితే కాలికి ఎదురు తగలదు. అనుమానం ఉన్నచోట సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేస్తాయి. ఉత్త రాగి ప్యాకింగ్ అయితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది.

బిగించేది ఇంజన్ పూర్తిగా చల్లారాకే. వరసగా కాదు, ఎదురెదురు మూలలకు, కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో. టార్క్ పానా లేని షెడ్డులో కొలత అంతా మణికట్టుదే. పానాకు పైపు తొడిగి బలం చూపిస్తే అల్యూమినియంలో త్రెడ్డు ఊడి స్టడ్డు చేతికొస్తుంది. ఆళ్లగడ్డ శిల్పులకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు: సుత్తి దెబ్బ ఒకటి ఎక్కువైతే రాయి పోతుంది.

జావాకు నట్లతో పని సరి. రెండు స్ట్రోకుల ఇంజన్, దానికి వాల్వులు లేవు. బుల్లెట్‌కు ఇంకో మెట్టు ఉంది. ప్యాకింగ్ నలిగిన మేరకు హెడ్డు కిందికి దిగుతుంది, వాల్వులను నడిపే టాపెట్ల సందు తగ్గుతుంది. ఆ సందు సరిగా ఉందో లేదో తెలియడానికి చల్లటి ఇంజన్ మీద పుష్‌రాడ్డును వేళ్లతో తిప్పి చూస్తారు. అది సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మళ్లింది. బియ్యం, బట్ట కొలతలు కొన్నేళ్లలోనే మారాయి. బుల్లెట్ నట్లు మాత్రం దశాబ్దాల పాటు విడతలుగా మారాయి. అందుకే ఒకే బండిలో అంగుళాలూ మిల్లీమీటర్లూ కలిసి కనిపిస్తాయి. మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. 2010 ప్రాంతానికి బుల్లెట్‌లో పోత ఇనుప ఇంజన్ కాలమూ ముగిసింది.

ఈ దారి మీద జిల్లాల లెక్కా మారింది: 2022లో నంద్యాల కొత్త జిల్లాకు కేంద్రమైంది, ఆళ్లగడ్డ అందులో చేరింది. ఎండలు 45 డిగ్రీలకు చేరే ఈ సీమలో పాత ఇంజన్ చల్లారి ఉండేది తెల్లవారుజామునే. ఆ వేళ ఏ పాత బుల్లెట్ యజమానైనా హెడ్డు బిగించాలని కూర్చుంటే, పెట్టెలో 10, 12, 14 నంబర్ల పానాలన్నీ పక్కకు తీసి, అడుగున ఉన్న అంగుళాల పానా కోసం తడుముకోవాలి.