కేసింగు నుంచి కన్సీల్డు దాకా: ఇళ్ళలో తీగ నడిచిన దారి

ఈ ప్రత్యేక సంచికకు లైన్ల గురించి, సబ్‌స్టేషన్ల గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు. మనం మీటరు దాకా తెచ్చి వదిలేసిన కరెంటు ఆ తర్వాత ఇంట్లో ఏ దారిన నడిచిందో మాత్రం ఎవరూ రాయరు. ఆ దారి మూడు నాలుగుసార్లు మారింది. మన సభ్యులలో చాలామంది ఉంటున్న పాత ఇళ్ళలో ఆ మార్పులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. కనుక ఇది ఉత్త పాత ముచ్చట కాదు.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ విద్యుత్ కేంద్రం 1920లో మొదలైంది. ఆ కాలపు ఇళ్ళలో ఉన్నది చెక్క కేసింగు. టేకు చెక్కలో రెండు గాళ్ళు తీసి, ఒకదానిలో పోయే తీగ, రెండోదానిలో వచ్చే తీగ పరచి, పైన మూత చెక్క బిగించేవారు. తీగ మీద ఉన్నది రబ్బరు, ఆపైన నూలు అల్లిక. రబ్బరులోని గంధకం రాగిని తినేస్తుందని రాగికి తగరం పూత కూడా ఉండేది. సున్నపు గోడ చెమ్మ తగలకుండా కేసింగు వెనుక పింగాణీ బిళ్ళలు పెట్టేవారు. అయినా చెదపురుగులకు నిబంధనలు తెలియవు గదా!

మన తరం బాగా ఎరిగినది బ్యాటెన్ వైరింగు. 1955లో మాచ్‌ఖండ్, 1959 ఏప్రిల్ 1న మన బోర్డు వచ్చాక ఊళ్ళలో ఇంటింటికీ పాకినది ఇదే. గోడలో చెక్కదిమ్మలు దిగగొట్టి, వాటి మీద సన్నని టేకు పట్టీ మేకులతో కొట్టి, ఇత్తడి లింకు క్లిప్పులతో గట్టి రబ్బరు తొడుగు తీగలను కట్టేసేవారు. 3/22 అంటే 22 గేజి పోగులు మూడు. దీపాలకు అది చాలు. మధ్యలో అతుకు పెట్టడం తప్పు. ఒక స్విచ్చు నుంచి ఇంకో స్విచ్చుకు లూపు తీసుకుపోవాలి. వైర్‌మన్ పనితనం పట్టీ తిన్నదనంలోనే తెలిసిపోయేది. పట్టీ వంకర పోతే మేస్త్రి వచ్చి ఊడబీకించేవాడు. నా దృష్టిలో దీనంత నిజాయితీ గల వైరింగు మళ్ళీ రాలేదు. తీగ ఎక్కడ నల్లబడిందో కంటికి కనబడేది.

1960ల తర్వాత విదేశీ మారకం కొరతతో రాగి పోయి అల్యూమినియం తీగ వచ్చింది. మరబిగింపు కింద అది మెల్లగా నలిగి వదులవుతుంది, పైన పొర కట్టి వేడెక్కుతుంది. కాలిన ప్లగ్గులు మనం చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు. తర్వాత స్లాబు ఇళ్ళు పెరిగి, కాంక్రీటు పోయకముందే గొట్టాలు పరచే కన్సీల్డు పద్ధతి స్థిరపడింది. స్లాబు ఉన్న ఇంటికి అది సరిపోయింది. చిక్కంతా స్లాబు లేని ఇంటితోనే.

మా తండ్రిగారి ఇల్లు తెనాలి దగ్గర పల్లెలో, బంకమట్టితో కట్టిన ఇటుక గోడలు, పైన దూలాల మీద మద్రాసు టెర్రస్. కరెంటు 1957లో వచ్చింది. ఇటీవల మనవలు ఏ.సి. పెట్టిద్దామన్నారు. మెగ్గరు పెడితే 0.2 మెగోమ్ కూడా చూపలేదు. కనీసం ఒకటి ఉండాలి. రబ్బరు ముట్టుకుంటే అటుకుల్లా రాలింది. ఎర్తు తీగ మీటరు బోర్డు దాటి రాలేదు. అన్నిటికంటే భయం వేసింది ఫ్యూజులను చూసి: ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి. న్యూట్రల్ ఫ్యూజు పోతే దీపం ఆరిపోతుంది, హోల్డరులో మాత్రం కరెంటు అలాగే ఉంటుంది. ఎర్తయిన న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండరాదని 1956 నిబంధనలలో 32వది చెప్పింది. ఆ నిబంధనల స్థానంలో 2010లో కొత్తవి వచ్చినా, ఆ ఫ్యూజు మా ఇంట్లో అలాగే ఉంది.

తీగ ఎలా నడపాలన్న దగ్గర పెద్దన్నయ్యకూ నాకూ వాదన జరిగింది. "గోడల మీద పైపులు పాకితే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుందిరా, కోయించి లోపల పెట్టించు" అన్నాడాయన. బంకమట్టి గోడకు అడ్డంగా గాడి కొడితే ఇటుకలు జారతాయి, పై దూలాల బరువు ఆ గోడ మీదే ఉంది. వంటింట్లో ఒకచోట కొట్టించి చూపించాను. జానెడు గాడికి బుట్టెడు మట్టి రాలింది. వదిన "ఇల్లు నిలబడితే చాలు, ఆసుపత్రిలా ఉన్నా ఫరవాలేదు" అని తేల్చేసింది. దూలాల పక్కన వెలుపలి గొట్టం, గోడల మీద పి.వి.సి. కేసింగు, దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏ.సి.కి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్రతి పాయింటుకూ ఎర్తు. అంటే వందేళ్ళనాటి కేసింగే ప్లాస్టిక్ రూపంలో తిరిగి వచ్చింది.

కిందికీ మేడకూ విడివిడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.లు పెట్టాం. మెట్ల దీపం తీగ 1980లలో వేసిన పి.వి.సి.ది, మెగ్గరుకు నిలిచింది, ఉంచేశాం. ఆ దీపం వేసినప్పుడల్లా ట్రిప్పే. రెండు రోజులు వెతికితే తేలింది: ఫేజు కింద నుంచి, న్యూట్రల్ మేడ మీద నుంచి తీసుకున్నారు. అప్పట్లో తీగ కలిసివస్తుందని అందరూ చేసిన పనే. కింది నుంచి వేరే న్యూట్రల్ లాగించాక ట్రిప్పు ఆగింది. పాత ఇంట్లో కొత్త ఆర్.సి.సి.బి. ఊరికే పడిపోతోందని దాన్ని తీసేయించే మిత్రులు ముందు మెట్ల దీపం ఒకసారి చూసుకోగలరు.