టర్కీ రెడ్ గోధుమ: రైతు ఎంపిక, మర తీర్పు

కాన్సాస్‌ను అమెరికా రొట్టెల గంపగా చెప్పుకునే పుస్తకాలలో ఒక కథ తప్పక కనిపిస్తుంది. 1874లో రష్యా నుంచి వలస వచ్చిన మెన్నోనైట్ కుటుంబాలు, పిల్లల చేత మేలైన గింజలు ఏరించి, పెట్టెల్లో మోసుకొచ్చాయని, ఆ గింజలే రాష్ట్రం దశ మార్చాయని దాని సారాంశం. కథ అందమైనదే. అయితే చరిత్ర విద్యార్థిగా మీరు ఒక చిన్న లెక్క వేయండి. ఎకరం విత్తడానికి సుమారు 25 నుంచి 30 కిలోల విత్తనం కావాలి. పెట్టె నిండా తెచ్చినా ఒక కుటుంబానికి ఒక ఎకరానికి మించి రాదు. ఆ విత్తనం ఏటా పెరిగి ఉండవచ్చు. కానీ ఒక రకం రాష్ట్రమంతా నిలవడానికి అది చాలదు.

వలస మాత్రం వాస్తవం. జర్మన్ మాట్లాడే ఈ శాంతివాద క్రైస్తవులు, రష్యా ప్రభుత్వం తమకున్న సైనిక సేవ మినహాయింపును తొలగించడంతో బయలుదేరారు. శాంటా ఫే రైల్వే సంస్థ వారికి భూములు అమ్మింది. వారు ఎరిగిన గోధుమ క్రిమియా ప్రాంతానిది. పేరు టర్కీ రెడ్.

ఇది శీతాకాలపు గోధుమ. ఈ మాట దగ్గర మన విద్యార్థులు తరచు పొరబడతారు. మన రబీ గోధుమ చలికాలంలో పెరిగినా ఆ జాతికి చెందదు. శీతాకాలపు గోధుమను సెప్టెంబరు, అక్టోబరులలో విత్తుతారు. మొలిచి, పిలకలు వేసి, మంచు కింద నిద్రిస్తుంది. కొన్ని వారాల గట్టి చలి తగిలితేనే వసంతంలో వెన్ను తీస్తుంది. దానిని ఆదిలాబాద్‌లో విత్తితే ఆకులు వేస్తుంది కాని సకాలంలో వెన్ను తీయదు. కాన్సాస్‌లో మాత్రం జూన్ నాటికి, వేసవి ఎండలు ముదరకముందే కోతకు వచ్చేది. అక్కడ అంతకుముందు వేసిన మెత్తని గోధుమలు చలికీ, వర్షాభావానికీ దెబ్బతినేవి. రైతు దృష్టిలో టర్కీ రెడ్ మంచి ఎంపికే.

మరల వారు అలా అనుకోలేదు. దాని గింజ గట్టిది. తిరగలి రాళ్ల మధ్య వేస్తే పొట్టు పెళుసుగా పగిలి, సన్నని ముక్కలై పిండిలో కలిసిపోయేది. తెల్లని పిండి కోరే బజారులో దానికి తక్కువ ధరే పలికింది. విచిత్రమేమంటే రొట్టెకు కావలసిన గుణం ఆ గట్టి గింజలోనే ఉంది. చపాతీ పిండి ముద్దను నీళ్లలో పిసికి చూడండి. గంజి కరిగిపోయాక రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అది గ్లూటెన్. ఈస్టు పుట్టించే వాయువును పట్టి ఉంచి రొట్టెను పొంగించేది అదే. మెత్తని గోధుమలో అది తక్కువ. బిస్కెట్లకు అది సరిపోతుంది.

చిక్కు విప్పింది యంత్రం. హంగేరీలో అభివృద్ధి చెందిన ఉక్కు రోలర్ మరలు 1870, 80 దశకాలలో అమెరికాకు చేరాయి. అవి గింజను ఒక్కసారిగా నలపక, విడతలుగా చిట్లించి, జల్లించి, పొట్టును వేరు చేశాయి. కాన్సాస్‌లో పిండి మర నడిపిన బెర్నార్డ్ వార్కెంటిన్ అనే మెన్నోనైట్ క్రిమియా నుంచి మరింత విత్తనం తెప్పించాడు. వ్యవసాయ శాఖ ఉద్యోగి మార్క్ కార్లెటన్ రష్యా తిరిగి, 1900లో ఖార్కోవ్ అనే దగ్గరి రకాన్ని తెచ్చాడు. 1919 నాటికి అమెరికాలో గట్టి శీతాకాలపు గోధుమ అంటే దాదాపు అంతా టర్కీ రెడ్డే. నా దృష్టిలో పెట్టెల కథ కంటే ఈ మరల కథే ముఖ్యమైనది. జ్ఞాపకాల్లో నిలిచింది మాత్రం మొదటిదే.

తర్వాత కాన్రెడ్, టెన్‌మార్క్ వంటి రకాలు దాని స్థానం తీసుకున్నా, టర్కీ రెడ్ వంశం ఆగలేదు. జపాన్‌లో దానితో సంకరం చేసిన పొట్టి గోధుమ నోరిన్ 10 1935లో విడుదలైంది. పొట్టితనం మాత్రం జపాన్ జాతి దరుమా నుంచి వచ్చింది. నోరిన్ 10 అమెరికా మీదుగా మెక్సికోలోని బోర్లాగ్ చేతికి చేరింది. ఆ వంశంలోని పొట్టి గోధుమల విత్తనాన్ని 1966లో భారతదేశం 18,000 టన్నులు దిగుమతి చేసుకుంది. దిగుబడి బాగానే వచ్చింది. కానీ గింజ ఎరుపు. చపాతీకి పసిమి గోధుమ కోరే జనం దానికి తక్కువ ధర కట్టారు. అందుకే మన శాస్త్రవేత్తలు పసిమి గింజ గల కల్యాణ్ సోనా, సోనాలికాలను ఎంపిక చేసి రైతులకు అందించారు.