భాగపంపకాలు: 19వ శతాబ్ది తెలుగు జిల్లాల్లో సేద్యపు భూమి విభజన

ఉమ్మడి కుటుంబానికి చెందిన భూమిని వారసులు పంచుకుని వేరుపడటాన్ని తెలుగు పల్లెల్లో భాగపంపకాలు అంటారు. 19వ శతాబ్దిలో మద్రాసు ప్రెసిడెన్సీ పాలనలో ఉన్న కోస్తా జిల్లాల్లోనూ, దత్తమండలాల్లోనూ (ప్రధానంగా నేటి రాయలసీమ) హిందూ కుటుంబాల పంపకాలు మితాక్షర న్యాయాన్ని, కుల, ప్రాంతాచారాలను అనుసరించి సాగాయి. ఎవరికెంత భాగమో శాస్త్రం చెప్పేది. ఏ చేను ఎవరికి పోవాలో ఊరి పెద్దమనుషులు తేల్చేవారు. శతాబ్ది గడిచేకొద్దీ పట్టా, రిజిస్ట్రేషను, సివిలు కోర్టు కలిసి ఈ రెండో పనిలో కూడా చోటు సంపాదించుకున్నాయి.

శాస్త్రాధారం

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య కల్యాణి చాళుక్యుల కాలం నాటిది. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దీన్ని ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు చేశాడు. మితాక్షరలోని దాయవిభాగ ప్రకరణాన్ని కోల్‌బ్రూక్ 1810లో ఇంగ్లీషులోకి అనువదించడంతో అది ఈస్టిండియా కంపెనీ న్యాయమూర్తులకు అందుబాటులోకి వచ్చింది. దక్షిణాదిలో దీనికి తోడు స్మృతిచంద్రిక, పరాశరమాధవీయం, సరస్వతీవిలాసం ప్రమాణాలుగా చెల్లాయి. కోర్టుల్లో శాస్త్రార్థం చెప్పే పండితుల పదవులను 1864లో రద్దు చేశారు. అప్పటినుంచి పాత తీర్పులు, 1878లో వెలువడిన మేన్ హిందూ న్యాయ గ్రంథం వంటి పుస్తకాలే వకీళ్ళకు దిక్కయ్యాయి.

పెద్దకొడుక్కి ఎక్కువ ఇచ్చే జ్యేష్ఠభాగం స్మృతుల్లో కనిపిస్తుంది. లోకం మెచ్చని ఆచారం కనుక దాన్ని పాటించకూడదని మితాక్షరే తోసిపుచ్చింది. 19వ శతాబ్ది నాటికి రైతు కుటుంబాల్లో సమభాగమే నియమం.

వాటాల లెక్క

మితాక్షర ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. తండ్రి, కొడుకులు, మనుమలు, మునిమనుమల వరకు సమభాగులు. ఉమ్మడిగా ఉన్నంతకాలం ఎవరి వాటా ఇంతని చెప్పడానికి వీల్లేదు. ఒక చావుతో అది పెరగవచ్చు, ఒక పుట్టుకతో తరగవచ్చు. కొడుకులు లేకుండా చనిపోయినవాడి భాగం మిగిలిన సమభాగుల్లో కలిసిపోయేది. స్వార్జితానికి ఈ నియమం వర్తించదు.

తండ్రి బతికుండగా పంచుకుంటే ఆయనకూ ఒక కొడుకుతో సమానమైన భాగం వస్తుంది. ముగ్గురు కొడుకులుంటే నలుగురికీ రూపాయికి నాలుగణాల చొప్పున వాటా. తండ్రి తరువాత పంచుకుంటే కొడుకుల లెక్కన తెగుతుంది. చనిపోయిన కొడుకు భాగాన్ని అతని పిల్లలు పంచుకుంటారు. ఉదాహరణకు 12 ఎకరాల కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ములుండి, పెద్దవాడు ఇద్దరు కొడుకులను వదిలి చనిపోయాడనుకుందాం. బతికున్న తమ్ముళ్ళకు చెరి నాలుగెకరాలు, పెద్దవాడి కొడుకులకు చెరి రెండెకరాలు వస్తాయి. పంపకం నాటికి తల్లి కడుపులో ఉన్న కొడుక్కి కూడా భాగం ఉంటుంది. మైనరుకు అన్యాయం జరిగితే ఆ పంపకాన్ని తిరగదోడవచ్చు.

ఆస్తితోపాటు అప్పులనూ పంచేవారు. అధర్మమైన పనులకు చేసినవి కాకపోతే తండ్రి అప్పులు తీర్చే బాధ్యత కొడుకులపై ఉండేది.

స్త్రీలు, ఇల్లటపు అల్లుళ్ళు

అప్పట్లో ఉమ్మడి కుటుంబంలో స్త్రీ సమభాగి కాదు. కొడుకులు పంచుకునేటప్పుడు తల్లికీ ఒక భాగం ఇవ్వాలని మితాక్షర చెబుతున్నా, మద్రాసు ప్రాంతంలో ఆ ఆచారం అప్పటికే పోయి మనోవర్తి మిగిలింది. ఒక మడి పంటనో, ఏటా ఇన్ని పుట్ల ధాన్యమనో పంపకపు కాగితంలో రాసేవారు. సంతానం లేని వితంతువు పరిస్థితి భర్త వేరుపడ్డాడా లేదా అన్నదానిపై ఆధారపడేది. వేరుపడి ఉంటే అతని భూమి జీవితకాలం ఆమె అనుభవంలో ఉండేది. ఉమ్మడిలోనే చనిపోతే ఆ భూమి మరుదులు, బావలదే. ఆమెకు దక్కేది మనోవర్తి. అందుకే ఎందరో వితంతువుల దావాలు ‘నా భర్త బతికుండగానే వేరుపడ్డాడు’ అన్న ఒక్క మాట రుజువు చేయడం చుట్టూ తిరిగాయి. కూతుళ్ళకు పెళ్ళి ఖర్చు ఉమ్మడి సొమ్ములోంచి పెట్టేవారు. కలిగిన ఇళ్ళలో పసుపు కుంకుమ కింద కొంత భూమి ఇచ్చేవారు.

కొడుకులు లేని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకోవడం ఉండేది. మామ సేద్యానికి అండగా నిలిచిన ఇల్లటపు అల్లుడికి కొడుకుతో సమానంగా భాగం వస్తుందన్న ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 1881లో గుర్తించింది. దత్తపుత్రుడు పుట్టింటి హక్కును పోగొట్టుకునేవాడు, ఇల్లటపు అల్లుడు పోగొట్టుకునేవాడు కాదు.

పంపకం జరిగే తీరు

పంటలు ఇంటికి చేరి పొలాలు ఖాళీగా ఉండే వేసవి పంపకాలకు అనువైన కాలం. ఇరుపక్షాలూ ఒప్పుకున్న పెద్దమనుషులు, కరణం, మునసబు, దగ్గరి బంధువులు కూర్చునేవారు. ముందు ఆస్తి, అప్పుల జాబితా వేసి, తరువాత భూమిని మాగాణి, మెట్ట, గరువు, తోట అని రకాలుగా విడదీసేవారు. చెరువుకు దగ్గరి మడికీ, చివరి మడికీ విలువ ఒకటి కాదు. కాబట్టి ముగ్గురు అన్నదమ్ములుంటే మొత్తం భూమిని మూడు ముక్కలు చేసి తలా ఒకటి ఇవ్వడం కన్నా, ప్రతి రకాన్నీ మూడుగా చీల్చడం న్యాయమనిపించేది. కాలువ కింది చేనును నీళ్ళబోదె నుంచి మురుగుబోదె దాకా నిలువునా కోసేవారు. అలా అయితే ఎవరి మడికీ నీళ్ళు తప్పవు.

చాలాచోట్ల పెద్దవాడు భాగాలు వేస్తే చిన్నవాడు ముందుగా కోరుకునే పద్ధతి ఉండేది. కోరుకోబోయేది తాను కాదు కనుక పెద్దవాడు తూకం తప్పకుండా భాగాలు వేయాల్సి వచ్చేది. అది కుదరకపోతే చీటీలు వేసి చిన్నపిల్లల చేత తీయించేవారు. మిగిలిన హెచ్చుతగ్గులను డబ్బుతోనో, ఒక ఎద్దుతోనో సరిపెట్టేవారు.

ముక్కలు చేయలేనివి ఉమ్మడిగానే ఉండేవి. మోటబావి నీళ్ళు రోజుల వంతున వాడుకునేవారు. కల్లం, పొలానికి బండి దారి, పశువుల దొడ్డి వాకిలి అందరివీ. చింత, తాడి చెట్లు ఎవరి గట్టు మీద ఉన్నా ఫలసాయం పంచుకునేవారు. తరువాతి తగాదాలు ఎక్కువగా వీటిమీదే వచ్చేవి: వంతు తప్పి మోట కట్టడం, కల్లంలో ముందుగా కుప్ప వేయడం, గట్టు నరికి సాలు కలుపుకోవడం.

పట్టా, పత్రం

దత్తమండలాల్లో 1800–1807 మధ్య కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, 1820లో మద్రాసు గవర్నరయ్యాక రైత్వారీ పద్ధతిని స్థిరపరిచాడు. దాంతో శిస్తు కట్టే రైతు పేరు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కింది. 1858లో మొదలైన రెవెన్యూ సర్వే ప్రతి చేనుకూ నంబరు వేసి, హద్దురాళ్ళు పాతించింది. పంపకం తరువాత కరణం లెక్కలో సబ్‌డివిజను చేయించి పట్టా మార్పించుకోవాల్సి ఉండేది. ఆ శ్రమ పడనివాళ్ళ భూములు పెద్దన్న పేరిటే ఉండిపోయేవి. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద శిస్తు బకాయికి భూమిని జప్తు చేసే అధికారం ఉండేది. ఉమ్మడి పట్టాలో ఒకడు కిస్తీ ఎగ్గొడితే మిగతావాళ్ళకూ తిప్పలే.

నోటిమాట పంపకం చట్టరీత్యా చెల్లేది. అయినా 1864 నుంచి వరసగా వచ్చిన రిజిస్ట్రేషను చట్టాలు నూరు రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి పత్రాలను రిజిస్టరు చేయించడం తప్పనిసరి చేశాయి. పారీఖత్తు, భాగపరిష్కార పత్రం అనే పేర్లతో స్టాంపు కాగితం మీద రాసిన ఈ పత్రాల్లో సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, ‘ఇకమీదట ఒకరి భాగంతో మరొకరికి సంబంధం లేదు’ అన్న అర్థం వచ్చే మాటలు ఉండేవి.

కోర్టుకెక్కిన పంపకాలు

తండ్రి ఒప్పుకోకపోయినా కొడుకు పిత్రార్జితంలో తన భాగం కోరవచ్చని మద్రాసు హైకోర్టు 1862లో చెప్పింది. ఉమ్మడిలో ఉన్నవాడు తన వాటాను అమ్ముకోవచ్చని 1863లో ఒప్పుకుంది. బెంగాలు, ఉత్తర భారత ప్రాంతాల మితాక్షర కుటుంబాల్లో మిగిలిన సమభాగుల సమ్మతి లేకుండా ఇది చెల్లేది కాదు. అప్పులిచ్చిన షాహుకారు కోర్టు వేలంలో ఒక అన్నదమ్ముడి వాటా కొని, మిగిలినవాళ్ళ మీద పంపకపు దావా వేయడానికి దీంతో దారి ఏర్పడింది.

అప్పోవియర్ కేసులో అంతిమ అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1866లో ఇచ్చిన తీర్పు మరో ముఖ్యమైన మలుపు. భూమిని హద్దులు వేసి కోయకపోయినా, వాటాలు ఇంతింత అని ఒప్పందం జరిగిన క్షణాన కుటుంబం విడిపోయినట్టేనని అది తేల్చింది. ఆ తరువాత ఎవరైనా చనిపోతే అతని భాగం అన్నదమ్ములకు కాక అతని వారసులకే పోతుంది. డిక్రీ వచ్చాక కోర్టు నియమించిన కమిషనరు పొలానికి వెళ్ళి కొలిపించి భాగాలు వేసేవాడు. పంచితే ఎవరికీ పనికిరాని ఆస్తిని సగానికి తగ్గని వాటా ఉన్నవాళ్ళు కోరితే అమ్మి సొమ్ము పంచవచ్చని 1893 నాటి విభజన చట్టం వీలు కల్పించింది.

పంచకూడని భూములు

కరణం, మునసబు వంటి పదవులకు జీతం కింద ఇచ్చిన మాన్యాలు పదవితోపాటే ఉండాల్సి వచ్చేది కనుక అన్నదమ్ములు పంచుకోవడానికి వీలుండేది కాదు. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం దీన్ని మరింత గట్టిపరిచింది. పెద్ద జమీందారీల్లో కొన్ని జ్యేష్ఠుడికే దక్కేవి. నూజివీడు జమీందారీ మాత్రం విభజనకు తగినదేనని ప్రివీ కౌన్సిల్ నిర్ణయించడంతో వారసుల మధ్య ముక్కలైంది.

ఫలితాలు, తరువాతి చట్టాలు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా మాగాణి విలువ పెరిగింది. అరెకరం కూడా పోరాడదగినదైంది. రాయలసీమలో 1876–78 కరువు అప్పులను పెంచింది. వేరుపడ్డ చిన్న కమతాలకు ఉమ్మడి గాదె అండ లేదు. రెండు మూడు తరాల పంపకాలతో ఒక కుటుంబపు సేద్యం ఊరి నాలుగు వైపులా సన్నని పట్టీలుగా చెదిరింది. విడివిడిగా చూస్తే న్యాయమైన పంపకాలే కలిసి సేద్యాన్ని ఖర్చుతో కూడిన పని చేశాయి.

స్త్రీల విషయంలో మార్పు 20వ శతాబ్దిలోనే వచ్చింది. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం వితంతువుకు భర్త వాటాలో పరిమిత హక్కు ఇచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం దాన్ని సంపూర్ణ హక్కుగా మార్చింది. కూతుళ్ళను సమభాగులుగా గుర్తిస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి అమలయ్యేలా చట్టం సవరించింది. 2005లో కేంద్ర చట్టమూ కూతుళ్ళకు సమభాగ హక్కు ఇచ్చింది.