కారు స్టీరింగు, ముందు సస్పెన్షను ధ్వనులు: నిదానము, మరమ్మతు

స్టీరింగు చక్రమును త్రిప్పునపుడుగాని, ముందు చక్రములు గుంటలో దిగి లేచునపుడుగాని కారు పూర్వభాగమునుండి వెలువడు టకటక, కటకట, కిర్రు, గుయ్యి మొదలగు అసహజ ధ్వనులను విని, వాని పుట్టుకచోటును నిర్ణయించి, చక్కజేయు విధానము మోటారు మరమ్మతు విద్యలో ఒక ముఖ్యభాగము. రోగలక్షణమును పట్టుకొని రోగమూలమునకు పోవు మార్గమును వైద్యులు నిదానమందురు. ఆ పేరు ఈ విద్యకును చక్కగా తగును. ఏలయన ఇందు ధ్వని లక్షణము మాత్రమే. రోగమన్ననో, బిగువుగా ఉండవలసిన ఒక కీలునందు అరుగుదలచే ఏర్పడిన సందు. మెకానిక్కులు దీనినే 'ప్లే' లేక 'ఆట' అందురు. ఆ సందులో లోహము లోహమును తాకినచో టక్కుమనును, ఎండిన రబ్బరు లోహముపై రాచుకొన్నచో కిర్రుమనును, అరిగిన గుండ్లు దొర్లినచో గుయ్యిమనును. ధ్వని జాతిని గుర్తించుటతో సగము పని తీరును గాని, మిగిలిన సగము ఆ ధ్వని ఎప్పుడు వచ్చుచున్నదో కనిపెట్టుటయందే ఉన్నది.

తెలంగాణములోని మెదకు పట్టణమున ఈ ఫిర్యాదు సర్వసాధారణము. హైదరాబాదునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉన్న ఈ జిల్లా కేంద్రమునుండి ఒక దారి నర్సాపూరు అడవి మీదుగా రాజధానికి పోవుచుండగా, ఇంకొకటి రామాయంపేటవద్ద 44వ నంబరు జాతీయ రహదారిని కలియును. పెద్ద దారులు నునుపుగానే ఉన్నను, ఊళ్లలోనికి తిరిగిన వెంటనే వరుసగా స్పీడు బ్రేకర్లు, వానకు లేచిన కంకర, దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ల ఇనుపచక్రములు తారుపై కోసిన చారలు ఎదురగును. మహాశివరాత్రి జాతరకు వేలకొలది బండ్లు మంజీరా నది ఏడు పాయలుగా చీలిన ఏడుపాయల క్షేత్రమునకు పోవును; 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదకు చర్చికి క్రిస్మసునాడు దూరప్రాంతములనుండి కార్లు వచ్చును. నదీతీరపు ఇసుకయు బురదయు కీళ్లను కప్పియుండు రబ్బరు తొడుగుల చిరుగులగుండ లోనికి చేరి, గ్రీజుతో కలిసి, సానరాతివలె పని చేయును. ఆ దినమున ఏ చప్పుడును వినబడదు. మూడు నాలుగు మాసములు గడచిన పిమ్మట మొదలగును. అందుచేతనే యజమానికి కారణము జ్ఞప్తికి రాదు.

నేటి చిన్న కార్లలో పెక్కింటికి ముందువైపున మాక్‌ఫర్సన్ స్ట్రట్టు అను నిర్మాణము కలదు. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ దీనిని 1940ల దశకమున రూపొందించెను. 1950లో బ్రిటను ఫోర్డు సంస్థ ప్రదర్శించిన కాన్సల్ కారు దీనిని ధరించిన తొలి కార్లలో ఒకటి. ఇందు షాక్ అబ్జార్బరు, కాయిల్ స్ప్రింగు ఒకే నిలువు దండముగా కూర్చబడి, పైకొన బానెట్టు క్రింద శరీరమునకు ఒక రబ్బరు మౌంటుతోను బేరింగుతోను అతుకబడియుండును. క్రిందికొన చక్రమును మోయు నకిలు అను దిమ్మెకు బిగింపబడును. ఆ నకిలును క్రిందినుండి పట్టుకొనునది లోయర్ ఆర్మ్. ఆర్మునకు బయటికొనయందు బాల్ జాయింటు, లోపలికొనయందు రబ్బరు బుష్షులు ఉండును. స్టీరింగు చక్రపు భ్రమణమును ర్యాక్ అను పండ్లకమ్మి అడ్డముగా జరుగు చలనముగా మార్చి, ర్యాక్ ఎండ్, టైరాడ్ ఎండుల ద్వారా చక్రములను త్రిప్పును. మలుపులలో కారు ప్రక్కకు ఎక్కువగా ఒరగకుండుటకు రెండు ప్రక్కలను కలుపు వంపుకమ్మి స్టెబిలైజరు; దాని రెండు కొనలను సస్పెన్షనునకు కట్టునవి లింకు రాడ్లు.

మన దేశమున ఈ కీళ్ల పోషణలో ఒక పెద్ద మార్పు 1983 డిసెంబరులో మారుతి 800 రాకతో కలిగినది. అంతకు పూర్వము దారులనేలిన అంబాసిడరు, ప్రీమియరు పద్మిని కార్ల ముందు కీళ్లకు గ్రీజు నిపుళ్లు ఉండెడివి; నియమముగా గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కించుట డ్రైవరు నిత్యకృత్యము, పలు చప్పుళ్లకు అదియే మందు. క్రొత్త తరపు కార్ల కీళ్లు కర్మాగారమునందే గ్రీజు నింపి మూయబడినవి. వానికి మరల గ్రీజు పెట్టు మార్గము లేదు, అరిగినచో మార్చుటయే గతి. అయినను "కొంచెం గ్రీజు కొట్టుండ్రి" అను పాత అలవాటు ఇప్పటికిని పోలేదు. తొడుగుపై పూసిన గ్రీజు కీలులోనికి పోదు సరికదా, దుమ్మును పోగుచేసి చిరుగును కనబడకుండ కప్పివేయును.

ఈ చప్పుళ్లన్నింటిలో ఎక్కువగా వినవచ్చునదియు, ఎక్కువగా పొరపాటు నిర్ణయమునకు లోనగునదియు లింకు రాడ్డు చప్పుడు. దీని స్వభావము తెలిసినవానికి కారు క్రింద దూరకమునుపే రోగము తెలియగలదు. స్పీడు బ్రేకరును రెండు చక్రములు ఒకేసారి ఎక్కినపుడు స్టెబిలైజరు తన బుష్షులలో తిరుగునే గాని మెలిపడదు. కావున లింకు రాడ్లమీద బలము దాదాపుగా పడదు, చప్పుడును రాదు. అదే కారు ఒక చక్రము గుంటలోను రెండవది గట్టుమీదను ఉండునట్లు మెల్లగా పోవునపుడు కమ్మి మెలిపడి, అరిగిన లింకు తలలోని గుండు తన గిన్నెలో అటునిటు కొట్టుకొని కటకటలాడును. స్పీడు బ్రేకరుపై నిశ్శబ్దము, చెదరిన కంకరపై కటకట అన్నచో లింకు రాడ్లనే మొదట అనుమానింపవలెను. ఇందు మరియొక రహస్యమున్నది. ఒక చక్రమునే జాకీతో లేపి లింకును చేతితో ఊపి చూచినచో అది బిగువుగా ఉన్నట్లు తోచును. ఏలయన అపుడు స్టెబిలైజరు మెలిపడి లింకును ఒక ప్రక్కకు లాగిపట్టి, సందును దాచివేయును. రెండు చక్రములును సమానమైన ఎత్తున ఉన్నపుడే పరీక్షింపవలెను. ఇంకను సందేహము తీరనిచో రెండు లింకులను ఊడదీసి, కమ్మికొనలు దేనికిని తగులకుండ కట్టి, మెల్లగా నాలుగు వీథులు తిరిగి చూడవచ్చును; చప్పుడు మాయమైనచో నిర్ణయమైనట్లే. లింకులు లేని కారు మలుపులలో ఎక్కువగా ఒరగును గనుక ఈ పరీక్ష వేగముగా చేయదగినది కాదు.

స్టీరింగు కీళ్ల నిర్ణయమునకు చెవికంటె చేయి నమ్మదగినది. కారు శరీరమంతయు ఒకటే ఉక్కుపెట్టె. కుడివైపు పుట్టిన టక్కు ఎడమవైపు పాదముల చెంత వినబడును, ముందరిది డిక్కీలో వినబడును. మెదకు రాందాస్ చౌరస్తాకు కొంచెము దూరమున ఒక రేకుల షెడ్డులో ఒక పెద్ద మెకానిక్కు చేయు పరీక్షను నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. కారు నాలుగు చక్రములు నేలపైననే ఉన్నవి. హ్యాండుబ్రేకు వేసి, వెనుక చక్రమునకు రాయి అడ్డుపెట్టినారు. ఆయన ముందుచక్రము వెనుక గోనెసంచిపై వాలి, టైరాడ్ ఎండు గిన్నెయు నకిలు చెవియు కలియుచోట రెండు వ్రేళ్లు ఆనించి, లోపల కూర్చున్న కుర్రవానితో "తమ్మీ, స్టీరింగు జర్రంత జర్రంత ఇటటు ఆడియ్యి, పూర్తిగ తిప్పకు" అనెను. కుర్రవాడు చక్రమును రెండంగుళములకు మించకుండ అటునిటు ఆడించుచుండ, ఆయన వ్రేళ్లను టైరాడ్ ఎండునుండి ర్యాక్ ఎండును కప్పు రబ్బరు తిత్తి మీదికిని, అటనుండి బాల్ జాయింటు మీదికిని జరుపుచు వచ్చెను. తిత్తిని నొక్కి పట్టినచోట చేయి ఆగెను. "ఇగో సార్, ఈడ కొడుతున్నది, మీరు పట్టి చూడుండ్రి" అని నా చేతిని అచ్చట పెట్టించెను. నాడిపట్టినట్లు వ్రేలి క్రింద చిన్న దెబ్బ స్పష్టముగా తెలిసెను. చెవికి మాత్రము ఆ చప్పుడు స్టీరింగు స్తంభమునుండియే వచ్చుచున్నట్లుండెను.

చక్రమును లేపి ఊపు పరీక్ష దీనికి తోడు. కారును శరీరముక్రింద పట్టి లేపి, స్టాండుపై నిలిపి, చక్రమును గడియారపు తొమ్మిది, మూడు అంకెల చోట్ల పట్టి ఊపినపుడు ఆట తెలిసినచో అది సాధారణముగా టైరాడ్ ఎండుదో ర్యాక్ ఎండుదో అగును. పండ్రెండు, ఆరు అంకెలచోట పట్టి ఊపినపుడు ఆట తెలిసినచో బాల్ జాయింటో వీల్ బేరింగో కావలెను. ఈ రెంటిని వేరుచేయుటకు ఒకరు బ్రేకు త్రొక్కిపట్టవలెను: ఆట పోయినచో బేరింగు, నిలిచినచో బాల్ జాయింటు. ఈ కీలు విషయమున ఉపేక్ష పనికిరాదు. లింకు రాడ్డు అరిగినచో చప్పుడే గాని ప్రాణభయము లేదు. బాల్ జాయింటు పూర్తిగా అరిగి గిన్నెనుండి ఊడినచో చక్రము ప్రక్కకు పడిపోయి కారు అదుపు తప్పును. అరిగిన గిన్నెను సుత్తెతో కొట్టి బిగించి మరల వేయువారు అచ్చటచ్చట కలరు. ఆ పనిని ఏ యజమానియు అంగీకరింపరాదని గట్టిగా చెప్పవలసియున్నది.

నిలిచిన కారులో స్టీరింగును త్రిప్పినపుడు టొంయ్ మని వీణతంతి మీటినట్లు ధ్వని వచ్చినచో స్ట్రట్టు పైకొన బేరింగు పట్టివేసినదని అర్థము. స్ట్రట్టు తిరుగుచుండ బేరింగు తిరుగక స్ప్రింగు మెలిపడి, ఒక్కసారిగా విదిలించుకొని ఎగురును. స్ప్రింగుపై చేయి ఆనించినచో ఆ విదిలింపు తెలియును. స్పీడు బ్రేకరు దిగునపుడు వచ్చు మొద్దు దెబ్బ పై మౌంటు రబ్బరు చిరిగినందునగాని, షాక్ అబ్జార్బరులోని నూనె కారిపోయినందునగాని, స్ప్రింగు క్రిందిచుట్టు విరిగినందునగాని కలుగవచ్చును. ఈ చివరిది దాగియుండు దోషము. చుట్టు తన గిన్నెలోనే విరిగి కూర్చుండును గనుక దీపము వేసి వెదకిననే కనబడును. బ్రేకు వేసినపుడొకసారి, కదలినపుడొకసారి టక్కుమన్నచో లోయర్ ఆర్ము వెనుకబుష్షును చూడవలెను. స్టీరింగు పూర్తిగా త్రిప్పి ఆక్సిలరేటరు నొక్కినపుడు వరుసగా టక్‌టక్ మన్నచో అది సస్పెన్షనుది కాదు, ఇరుసు బయటికొనలోని సీవీ జాయింటుది. వేగముతోపాటు పెరుగు గుయ్యి శబ్దము బేరింగుది. ఎడమకు తిరిగినపుడు బరువు కుడిచక్రముపై పడును గనుక అపుడు శబ్దము హెచ్చినచో దోషము కుడివైపున ఉన్నట్లు. కాని హెచ్చుతగ్గులుగా అరిగిన టైరును ఇట్లే పాడును. ముందు టైర్లను వెనుకకు మార్చి చూడకుండ బేరింగులు మార్పించి డబ్బు వ్యర్థపరచుకొన్నవారు అనేకులు.

నూనెతో పనిచేయు పవర్ స్టీరింగునందు చక్రము కడకంటిన వేళ మూలుగు వినబడినచో నూనె మట్టమును, అందలి నురుగును చూడవలెను. నురుగు గాలి చేరినదనుటకు గుర్తు. విద్యుత్తుతో నడచు స్టీరింగునకు నూనె లేదు. 1988లో సుజుకీ సెర్వోతో ప్రవేశించిన ఈ పద్ధతిలో మోటారునకును మరచక్రమునకును నడుమ ఉండు చిన్న రబ్బరు కలుపు అరిగి కరకరలాడుట కలదు. బుష్షుల కిర్రుకు ఒక సులభపరీక్ష: అనుమానమున్న బుష్షుపై నీళ్లు చల్లి కారును పైకి క్రిందికి ఊపినపుడు శబ్దము తాత్కాలికముగా ఆగినచో మూలము దొరికినట్లే. వానకాలమున కిర్రు పోయి ఎండలకు మరల వచ్చుటకును కారణమిదియే. దానిపై డీజిలుగాని ఇంజనాయిలుగాని పోయరాదు. రబ్బరు ఉబ్బి చెడును. ఇవన్నియు చూచుటకు ముందే బ్రేకుప్యాడ్ల వదులు, డిస్కునకును దాని వెనుక రేకునకును నడుమ చిక్కిన కంకర, బానెట్టు క్రింది వదులు బోల్టులు, డిక్కీలోని జాకీ మొదలగువానిని చూచుకొనుట మంచిది.

మరమ్మతునందు ఎక్కువగా ఉపేక్షింపబడు సూత్రము లోయర్ ఆర్ము బుష్షులకు సంబంధించినది. కారును జాకీపై లేపి, చక్రము వ్రేలాడుచుండగనే బోల్టులను పూర్తిగా బిగించినచో రబ్బరు ఆ భంగిమయందే పట్టుబడును. కారు దిగి బరువు పడగానే అది మెలిపడి, ఆ మెలికతోనే రాత్రింబవళ్లు ఉండి, అకాలమున చిరుగును. బోల్టులను ముందు వదులుగా పెట్టి, బరువు చక్రములపై పడిన పిమ్మటనే చివరి బిగింపు చేయవలెను. క్రొత్త బుష్షు వేసిన కొద్ది మాసములకే చప్పుడు మరల వచ్చినదని బాధపడువారు తమ కారునకు ఈ బిగింపు ఎట్లు జరిగెనో అడిగి తెలిసికొనుట అవసరము. టైరాడ్ ఎండును తీయునపుడు దాని మరచుట్లను లెక్కపెట్టుకొని, క్రొత్తదానిని అన్ని చుట్లే ఎక్కింపవలెను. తరువాత చక్రముల అలైన్‌మెంటు తప్పనిసరి. ర్యాక్ చప్పుడునకు దాని వెనుక సర్దుబాటు నట్టును బిగించుట వాడుక. కొలతకు మించినచో స్టీరింగు బరువెక్కి, మలుపు తరువాత తనంతట తాను నడిమికి రాదు, అది చప్పుడుకంటె పెద్ద ప్రమాదము. స్ట్రట్టు పైనట్టును స్ప్రింగును క్లాంపులతో నొక్కిపట్టకుండ ఎన్నడును విప్పరాదు. అణగియున్న స్ప్రింగు మనిషిని చంపగలంత బలముతో ఎగురును. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరుటయు అట్టిదే.

పని ముగిసిన పిమ్మట కారును చప్పుడు వినబడిన దారిపైననే, ఆనాటి వేగముతోనే, అద్దములు మూసి ఒకసారి, తెరచి ఒకసారి నడిపి చూడవలెను. గోడప్రక్కగా పోవునపుడు అద్దము తెరచియుంచినచో ధ్వని గోడకు తగిలి మరలివచ్చి ఏ వైపుదో తెలుపును. 50 కిలోమీటర్లు తిరిగిన తరువాత విప్పి బిగించిన ప్రతి నట్టును మరల పానా పట్టి చూచి, టైరాడ్ ఎండు చీలమేకు (స్ప్లిట్ పిన్ను) వంచియున్నదో లేదో గమనింపవలెను.