కైఫియత్తులు కూర్చినవారు: పరిశోధన సహాయకుల చరిత్రలో కొన్ని పుటలు

తెలుగు చరిత్ర పరిశోధన గురించి మాట్లాడేటప్పుడు మనం మెకంజీ, బ్రౌన్ అనే రెండు పేర్లతో మొదలుపెడతాం. వారి కింద పనిచేసిన పాతికేళ్ల యువకులు, గ్రామాల వెంట తిరిగి కరణాల చేత చెప్పించుకున్నవారు, తాటాకుల నుంచి కాగితాల మీదికి ఎత్తి రాసినవారు ఒక పేరాలో ముగిసిపోతారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇప్పుడు గ్రంథాలయాల్లోనూ, పురావస్తు శాఖల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ స్వల్పకాలిక శిక్షణకు, ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక డిగ్రీ చదువులోనే దీనికి చోటు దొరికింది. ఈ పని కొత్తదేమీ కాదు. దీనికి మన భాషలో రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఎక్కువ భాగం ఆంధ్రదేశపు ఎల్లలకు బయట నడిచింది కనుక మైసూరులో, తంజావూరులో, పర్లాకిమిడిలో చదువుకుంటున్న మన విద్యార్థులకు దానితో దగ్గరి సంబంధం ఉంది.

ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య 1776లో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో, 1796 ప్రాంతంలో, కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. మెకంజీకి దేశభాషలు రావు. సంస్కృతం రాదు. తెలుగుతోపాటు ఇతర భాషలు నేర్చి, ఇంగ్లీషులోకి అనువదించగల యువకుడు దొరకడం ఆయనకు పెద్ద అదృష్టమైంది. భారతీయ విజ్ఞానపు వాకిట్లో తాను అడుగుపెట్టింది ఆ పరిచయం వల్లనేనని మెకంజీ తరువాత 1817లో రాసిన ఒక లేఖలో ఒప్పుకున్నాడు. టిప్పు పతనానంతరం మొదలైన మైసూరు సర్వేలో బొర్రయ్య వెంట నడిచాడు. ఏలూరు పిల్లవాడు హళెగన్నడ శాసనాల ముందు కూర్చుని వాటిని చదివే దారి వెతికాడు. స్థానికులను కలిశాడు, జైన గురువుల దగ్గర వారి మత విషయాలు అడిగి రాసుకున్నాడు. 1803లో, ముప్పై ఏళ్లు నిండకుండానే మరణించాడు. ఆయన అనువదించిన జైనుల వృత్తాంతం తరువాత ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ తొమ్మిదో సంపుటంలో ఆయన పేరుతోనే అచ్చయింది. అనువాదకుని పేరు వేయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

బొర్రయ్య తరువాత తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకున్నాడు. పని పెరిగింది. నారాయణరావు, ఆనందరావు, నిట్టల నాయన వంటివారు ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రాంతానికి వెళ్లారు. మైసూరు సీమలోని మలెయూరుకు చెందిన ధర్మయ్య అనే జైన పండితుడు పాత కన్నడ శాసనాల విషయంలో తోడ్పడ్డాడు. వీరికి మెకంజీ ఏమేమి అడగాలో జాబితాలు రాసి ఇచ్చేవాడు. వారు ఎక్కడికి వెళ్లిందీ, ఎవరిని కలిసిందీ, ఏమి దొరికిందీ, ఎవరు ఇవ్వనన్నదీ నెలనెలా నివేదికలు పంపాలి. ఆ నివేదికలు నేటికీ మిగిలి ఉన్నాయి. కొత్త మనిషి వచ్చి ఊరి లెక్కలు, మాన్యాలు, వంశావళులు అడిగితే గ్రామస్థులకు అనుమానం కలగడం సహజం. ఇనాము పోతుందేమో, శిస్తు పెరుగుతుందేమో అని భయం. ఆ భయాన్ని దాటి కరణం చేత కవిలె విప్పించడంలో సహాయకుని మాటతీరే పెట్టుబడి. ఈనాడు క్షేత్రపర్యటనకు బయలుదేరే విద్యార్థికి ఏ పాఠ్యగ్రంథం కంటే ఈ నివేదికలే మంచి పాఠం.

ఇక్కడ ఒక పక్క మాట. సర్వేకు కావలసిన కుర్రవాళ్లను తయారు చేయడానికి మద్రాసులో మైకేల్ టాపింగ్ 1794లోనే ఒక సర్వే పాఠశాల పెట్టాడు. అనాథ శరణాలయం నుంచి తెచ్చిన పిల్లలకు లెక్కలు, పటాలు గీయడం నేర్పి సర్వే బృందాల వెంట పంపేవారు. పని నేర్చుకుంటూ పనిచేయడం అనే పద్ధతి దక్షిణాదిన ప్రభుత్వ పరంగా అప్పటికే ఉందన్నమాట. గొలుసు పట్టి నేల కొలిచినవారు అక్కడి నుంచి వచ్చారు, కథలు పట్టినవారు కావలి సోదరుల వెంట వచ్చారు.

మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో మరణించాడు. కుంఫిణీ ప్రభుత్వం ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి సేకరణను కొన్నది. దానికి 1828లో హెచ్.హెచ్. విల్సన్ పట్టిక ప్రచురించాడు. కలకత్తాకు వెళ్లిన దక్షిణాది పండితుల సాయం లేనిదే అది సాధ్యమయ్యేది కాదు. మూడో సోదరుడు వెంకట రామస్వామి 1829లో కలకత్తాలో ‘బయోగ్రాఫికల్ స్కెచెస్ ఆఫ్ దక్కన్ పోయెట్స్’ అచ్చువేసి గ్రంథకర్తగా నిలిచాడు. లక్ష్మయ్య కథ వేరు. మెకంజీ సగంలో వదిలిన పనిని తాను పూర్తి చేస్తానని ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. ఆ సేకరణ గురించి ఆయనకు తెలిసినంత ఆనాడు బతికి ఉన్న మరొకరికి తెలియదు. విషయం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లింది. 1830ల నడిమిలో వచ్చిన జవాబు సారాంశం ఇంతే: ఇలాంటి పనికి దేశీయుడు సరితూగడు. సమాచారం తేవడానికి పనికివస్తాడు, దాన్ని విమర్శించి తేల్చడానికి పనికిరాడు. చివరికి పని విలియం టైలర్ అనే మతాచార్యుని చేతికి వెళ్లింది. ఆయన చేసిన నిర్ణయాలలో చాలా వాటిని తరువాతి పండితులు అంగీకరించలేదు. ముప్పై ఏళ్ల అనుభవాన్ని పక్కన పెట్టడం వల్ల నష్టపోయింది లక్ష్మయ్య ఒక్కడే కాదు. కైఫియత్తులు ఎవరు చెప్పారు, ఏ సందర్భంలో చెప్పారు అనేది ఆయన నోట గ్రంథస్థం అయి ఉంటే మన చరిత్ర రచనకు ఎంతో మేలు జరిగేది.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పద్ధతి కొంత భిన్నం. 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చుకున్న బ్రౌన్ అక్కడ బంగళా కొని పండితులను, లేఖకులను సొంత జీతం మీద నిలిపాడు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించడం, పాఠభేదాలు పక్కపక్కన రాయించడం, పండితుల చేత పరిష్కరింపజేయడం, ఆపైన శుద్ధప్రతి ఎత్తించడం ఆ బంగళాలో నిత్యకృత్యం. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య వంటివారి పేర్లు మనకు తెలియడానికి కారణం బ్రౌన్ వాటిని రాసిపెట్టడమే. 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెనుక వీరందరి శ్రమ ఉంది. మెకంజీ కైఫియత్తులకు ప్రతులు రాయించినవాడు కూడా బ్రౌనే. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది కూడా ఆ కేంద్రమే. మెకంజీ, బ్రౌన్ సేకరణలు పునాదిగా ఏర్పడిన మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం మన భాషకు దక్కిన గొప్ప ఆస్తి.

ఈ వరుసలో గిడుగు వెంకట రామమూర్తి గారు ప్రత్యేకంగా నిలుస్తారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఆయన వెనుక దొర లేడు, కుంఫిణీ లేదు, జీతమిచ్చే ప్రాజెక్టు లేదు. ముఖలింగం శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. సంతకు వచ్చే సవరల భాష విని, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. అంటే మొదటి ప్రయత్నం నుంచి నిఘంటువు దాకా నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన ఆయన ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. వ్యావహారిక భాషోద్యమం వల్ల ఆయనను తెలుగువారు తలుస్తారు. సవర భాషకు ఆయన చేసిన సేవను మాత్రం పర్లాకిమిడి, బరంపురం విద్యార్థులైనా కొనసాగించవలసి ఉంది.

పై ముగ్గురి కథల్లోనూ కనబడేది ఒకటే. పని జరిగింది రెండు భాషల సరిహద్దు మీద. బొర్రయ్య విలువ తెలుగు రావడం వల్ల కాదు, తెలుగు తెలిసినవాడు కన్నడ సీమలో తిరగగలగడం వల్ల. ఆ సరిహద్దు మీదే పుట్టిన మన విద్యార్థికి ఈ అర్హత ఇంట్లోనే వచ్చింది. ‘మా తెలుగు స్వచ్ఛమైనది కాదు’ అని సంకోచించే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కోలారు ప్రాంతపు తెలుగు శాసనాలు కన్నడం రానివారికి సగమే అర్థమవుతాయి. తంజావూరు సరస్వతీ మహలులోని నాయక, మరాఠా కాలపు తెలుగు గ్రంథాల చుట్టూ ఉన్న పత్రాలు తమిళ, మరాఠీలు తెలియకపోతే తెరుచుకోవు. మదురై సౌరాష్ట్ర సభలో భద్రపరచిన వాలాజాపేట రాతప్రతులు, అంటే త్యాగరాజ శిష్యుల ఇంటి ప్రతులు, తెలుగు లిపిలో ఉన్నాయి. వాటిని దాచినవారి ఇంటి భాష సౌరాష్ట్రం. యానాంలో 1954 దాకా సాగిన ఫ్రెంచి పాలన కాగితాలు ఫ్రెంచి, తెలుగు రెండూ తెలిసినవారి కోసం చూస్తున్నాయి. షోలాపూరు పద్మశాలీల, ముంబయి కామాటీల వలస చరిత్ర చాలావరకు పెద్దల నోళ్లలోనే ఉంది.

అవకాశాల మాటకు వస్తే, 2003లో ఏర్పడిన జాతీయ రాతప్రతుల మిషన్ లిపిశాస్త్ర శిక్షణ తరగతులు నడిపింది. కోటికి పైగా రాతప్రతులను పట్టికకు ఎక్కించే లక్ష్యంతో 2025 బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్‌ను ప్రకటించారు. మొదటి దశలో లక్ష శాసనాలను డిజిటల్ రూపంలోకి తెచ్చే పథకం 2023 బడ్జెట్‌లో వచ్చింది. శాసనాల అచ్చుప్రతులకు మైసూరులోని పురావస్తు శాసన శాఖ పెద్ద నిలయం. వీటిలో ఏ పనికైనా తెలుగు చదవగల చేతులు కావాలి. చదవడమంటే నేటి వార్తాపత్రిక చదవడం కాదు. తాటాకు మీద పదానికీ పదానికీ నడుమ ఖాళీ ఉండదు. బండి ఱకారం, అరసున్న, తెలుగు అంకెలు, భిన్నాల గుర్తులు ముందుగా పట్టుబడాలి. శకానికి 78 కలిపితే క్రీస్తు శకమని, కైఫియత్తుల్లో కనిపించే ఫసలీకి 590 కలపాలని, సంవత్సరం మధ్యలో మారుతుంది గనుక ఒకటి అటూ ఇటూ కావచ్చునని తెలిసి ఉండాలి. మిరాశి, మాన్యం, కవిలె, జమాబందీ వంటి మాటలకు బ్రౌన్ నిఘంటువు, విల్సన్ రెవిన్యూ పదకోశం పక్కన పెట్టుకోవాలి. నెల రోజులు రోజుకు రెండు ఆకులు చదివితే చేయి తిరుగుతుంది.

చేరే ముందు మరొక విషయం తేల్చుకోవాలి. రాసిన ప్రతి మీద, చేసిన పట్టిక మీద ఎవరి పేరు ఉంటుంది? భత్యం ఎంత? ఇంటర్వ్యూ ఇచ్చిన పెద్దల పేర్లు ఎలా నమోదవుతాయి? ఈ మూడూ కాగితం మీద అడగడం అమర్యాద కాదు. లక్ష్మయ్యకు అలా అడిగే వీలు లేకపోయింది, మనకుంది. చదివిన ప్రతి వెనుక పుటలో తేదీ, స్థలం, చదివినవారి పేరు, పక్కన కూర్చుని సందేహం తీర్చినవారి పేరు రాసి ఉంచడం ఈ వేసవి సెలవుల నుంచే మొదలుపెట్టవచ్చు.