మాది రంగం, మా అయ్యది కోటబొమ్మాళి

కోటబొమ్మాళిలో నిలబడితే సముద్రం కనబడదు. అయినా ఈ ప్రాంతపు చరిత్రలో సగం సముద్రం మీదే నడిచింది. కళింగపట్నం, బారువ, గోపాలపురం, భీమునిపట్నం రేవుల నుంచి ఓడెక్కినవాళ్ళ పిల్లలు పరాయి నేల మీద పుట్టారు. "మీదే ఊరు?" అన్న చిన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేని తరాలు అవి. లండన్లోనో లెస్టర్లోనో పుట్టిన మన పిల్లల గురించి ఈ రోజు బెంగపడుతున్నాం గానీ, ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు.

మొదటి దారి మారిషస్‌ది. 1834లో 'అట్లాస్' ఓడతో అక్కడికి కూలీల వలస గట్టిగా మొదలైంది. 1843లో 'కోరింగ ప్యాకెట్' అనే ఓడ మన కోరంగి రేవు నుంచే తెలుగువాళ్ళను చేరవేసింది. చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందాలు ముగిసినా చాలామంది వెనక్కి రాలేదు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, ఆ తర్వాత మలయా తోటలకు, 1903 నుంచి ఫిజీకి కూడా అలాగే వెళ్ళారు. వాళ్ళ మునిమనవల నోట తెలుగు చాలావరకు జారిపోయింది, పేర్లు మాత్రం జారలేదు. మారిషస్‌లో అప్పడు, సన్నాసి, నేటాల్లో అప్పలసామి ఇప్పుడు ఇంటిపేర్లయి కూర్చున్నాయి. సింహాచలం అప్పన్న ఎవరో తెలియని పిల్లవాడు కూడా బడి హాజరు పట్టీలో ఆ స్వామి పేరుతోనే పలుకుతున్నాడు. 1968లో మారిషస్ స్వతంత్రమైనప్పుడు అక్కడి మనవాళ్ళు ఆ దేశపు పౌరులుగానే నిలిచారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఆ గడ్డ మీదే.

మన ఊళ్ళను ఇంకా లోతుగా తాకింది మాత్రం బర్మా. రంగూన్ని మనవాళ్ళు 'రంగం' అన్నారు. 'రంగమెళ్ళిపోనాడు' అంటే కబురు అయిపోయినట్టే. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక వరి సాగు పెరిగింది. సూయెజ్ కాలువ తెరిచాక బియ్యానికి ఐరోపా గిరాకీ తగిలింది. ధాన్యం మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మొయ్యడానికి కూలీలు కావలసి వచ్చారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో భాగమే కనుక, గంజాం జిల్లా నుంచి రంగం వెళ్ళినవాడు పరదేశం పోయినట్టు కాదు. అన్నట్టు అప్పటి గంజాం అంటే మన టెక్కలి, చికాకోలు కూడా. 1936లో ఆ జిల్లా ఒరిస్సాకు పోతే మనం విశాఖపట్నం జిల్లాలో కలిశాం, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. రంగంలో ఉన్నవాడికి కదలకుండానే సొంత జిల్లా పేరు రెండుసార్లు మారిపోయింది.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా వాళ్ళే. అప్పటికే గాలి మారింది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె, వాళ్ళ స్థానంలో పెట్టుకున్న బర్మా కూలీలను తర్వాత తీసేయడం, రెండూ కలిసి అల్లర్లకు దారితీసి వందకు పైగా ప్రాణాలు తీశాయి. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక లక్షలాదిమంది అరకాను, మణిపురం కొండదారుల్లో నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళకు లెక్క లేదు. యుద్ధం ముగిశాక కొందరు మళ్ళీ వెళ్ళారు. పుట్టిన ఊరు కదా మరి.

1948లో బర్మా స్వతంత్రమయ్యాక పౌరసత్వపు కాగితం అడిగారు. మన రాజ్యాంగం 8వ అధికరణం తాతతండ్రులు ఇక్కడ పుట్టినవాళ్ళకు రాయబార కార్యాలయంలో నమోదై భారత పౌరులయ్యే వీలిచ్చింది. అటా ఇటా తేల్చుకోలేక రెండు కాగితాలూ లేకుండా మిగిలినవాళ్ళే ఎక్కువ బాధపడ్డారు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి. కూడబెట్టింది అక్కడే వదిలి, ఓడల్లో మద్రాసు, విశాఖ చేరారు. విశాఖలో బర్మా క్యాంపు ఆనాటి ఆనవాలు. అప్పటి పిల్లల్లో చాలామంది ఇండియాను చూడడం అదే మొదటిసారి. ఈ మాట మనం ఒప్పుకోవాలి: అక్కడ వాళ్ళను 'కలా', అంటే పరాయివాళ్ళు, అన్నారు, ఇక్కడికొస్తే మనం 'బర్మావోళ్ళు' అన్నాం.

ఉండిపోయినవాళ్ళ మెడకు 1982 పౌరసత్వ చట్టం పడింది. 1823కు ముందు నుంచి ఉన్న జాతులవాళ్ళే పూర్తి పౌరులని అది గీత గీసింది. ఇంచుమించు అదే కాలంలో బ్రిటన్ 1981 చట్టం చేసి, 1983 జనవరి 1 నుంచి ఆ నేల మీద పుట్టడమొక్కటే చాలదంది. మన దేశమూ 1987 జూలై 1 నుంచి పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలని మార్చుకుంది. పుట్టుక తక్కువై, కాగితం ఎక్కువైన రోజులు. మారిషస్‌లో అప్పడు మనవడు నిబ్బరంగా నిలబడడానికీ, రంగంలో అప్పన్న మనవడు మూట కట్టడానికీ రక్తంలో తేడా ఏమీ లేదు. చేర్చుకున్న నేలకూ చేర్చుకోని నేలకూ ఉన్న తేడాయే అది.

కొన్నేళ్ళ కిందట కొత్తమ్మ తల్లి జాతరలో ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. పదకొండేళ్ళప్పుడు ఓడ దిగిందట. "మాది రంగం బాబూ, మా అయ్యది కోటబొమ్మాళి" అంది. ముందున్న కొబ్బరికాయలను ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ పెదవుల్లో లెక్కపెడుతోంది: తిత్, హ్నిత్, తౌన్, లే, ఙా. అరవై ఏళ్ళు తెలుగులోనే బతికినా లెక్క మాత్రం చిన్నప్పటి బళ్ళోదే. బ్రిటన్‌లో పుట్టి సెలవులకు వచ్చిన మనవరాలు పక్కన గొంతుక్కూర్చుని వింది.

"నానమ్మా, ఇది తెలుగేనా?"

"కాదమ్మా" అంది ఆవిడ, ఇంకో కాయ జరిపి. "మా ఊరి లెక్క."